మంట పోతే స్వస్థతేనా?



గుడ్ ఫ్రైడే ఆరాధన ముగిశాక మన సంఘ పెద్ద ఒకాయన మందిరం ముందు గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి అందరికీ మజ్జిగ పోశారు. మిట్టమధ్యాహ్నం, గచ్చు కాలిపోతోంది. రాత్రి ఇంట్లో అమ్మగారు చూస్తే అరికాళ్లనిండా బొబ్బలు! ఆయనకు తెలియనే లేదు. ఎన్నో ఏళ్లుగా షుగరు ఉన్న మనిషి. మేము నూనె రాసి ప్రార్థించి, "తగ్గిపోతుంది పెద్దయ్యా" అన్నాము. ఆసుపత్రికి వెళ్లేసరికి పది రోజులైంది. ఒక వేలు తీసేశారు. ఆ ఆలస్యంలో మా తప్పు ఉంది గనుక ఈ మాటలు రాస్తున్నాము.

షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి. పాదాలకు వెళ్లే నరాలు చాలా పొడవైనవి, అందుకే మొదట అక్కడే తిమ్మిర్లు, మంటలు. పోనుపోను స్పర్శే ఉండదు. అప్పుడు మనవాళ్లు "మంట పోయింది" అని సాక్ష్యం చెబుతారు. ప్రియులారా, నరం చచ్చినా మంట పోతుంది.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల మధ్య ఇదే గమనించారు. నొప్పి తెలియక తగిలే దెబ్బలే వారి చేతులను, కాళ్లను పాడుచేస్తున్నాయి. అందుకే నొప్పిని ఆయన దేవుని వరంగా ఎంచారు.

ఆసా రాజు పాదాల జబ్బు చెప్పి, వైద్యుల దగ్గరకు వెళ్లవద్దని బోధించేవారున్నారు. ఆసా తప్పు దేవుణ్ణి విడిచిపెట్టడం, వైద్యుణ్ణి పిలవడం కాదు. లూకా వైద్యుడే కదా!

గనుక ఇకనుండి షుగరు ఉన్నవారు మందిరంలోకి చెప్పులతోనే రండి. మోషే చెప్పులు విడిచాడు కదా అని ఎవరైనా అడిగితే మా దగ్గరకు పంపండి. ఉపవాస ప్రార్థన పేరుతో మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ మానకండి, ముందు డాక్టరును అడగండి. ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, పెద్దవాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు పిల్లలు దీపం పట్టి చూడండి. చిన్న పుండైనా తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శిష్యుల పాదాలు పట్టుకోవడానికి ప్రభువే వంగాడు. మన అమ్మానాన్నల పాదాలు చూడటానికి మనం వంగలేమా?

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.