ముందు బగ్గులు దిద్దండి, తర్వాత విమానాలు అడుగుదాం

కంప్యూటర్ ఆటలంటే మన వార్డెన్ గారికీ, ఇంటి దగ్గర పెద్దవాళ్లకీ ఒకటే అభిప్రాయం. చదువు పాడుచేసేవి అని. చాలా ఆటల విషయంలో వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ యుద్ధవిమానం నడిపే సిమ్యులేటర్లు వేరే జాతికి చెందినవి. వీటిలో విమానాన్ని నేల మీద నుంచి లేపడానికే ఒక పుస్తకం చదవాలి. ఇంజను ఏ వరుసలో స్టార్టు చేయాలి, ఎంత వేగం వచ్చాక చక్రాలు పైకి తీయాలి, ఏ ఎత్తులో ఇంజను బలం తగ్గుతుంది, ఇవన్నీ నిజం విమానంలో ఎలా ఉంటే ఇందులోనూ అలాగే ఉండాలన్నది వీటి నియమం. నియమం అంత గట్టిది కాబట్టే తప్పు దొరికితే ఆడేవాళ్లు ఊరుకోరు.

ఈ సిమ్యులేటర్లు ఆడేవాళ్లు తయారీదారులను రెండు రకాలుగా అడుగుతుంటారు. ఒకటి, మాకు ఫలానా విమానం కావాలి అని. రెండోది, ఉన్న విమానంలో ఫలానా చోట తప్పుంది, దిద్దండి అని. మొదటి దానికి ఉన్నంత సందడి రెండోదానికి ఉండదు. కొత్త విమానం బొమ్మ ఒకటి బయటికి రాగానే పండగ చేసుకునేవాళ్లు, పాత విమానంలో రాడార్ పనిచేయడం లేదని ఎవరైనా రాస్తే రెండు వాక్యాలు కూడా చదవరు. ఇది తలకిందులు కావాలన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా మనలాంటి వాళ్లు బగ్గుల వైపు నిలబడాలి. ఎందుకో చెబుతాను.

ముందు బగ్ అంటే ఏమిటో చూద్దాం. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోవడం ఒక్కటే బగ్ అనుకుంటారు చాలామంది. సిమ్యులేటర్లలో అసలు ఆసక్తికరమైన బగ్గులు అవి కావు. 2001లో రష్యాకు చెందిన ఒలెగ్ మడాక్స్ బృందం ‘ఇల్-2 స్టుర్మోవిక్’ అనే సిమ్యులేటర్ తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలు. 2006లో వచ్చిన ‘ఇల్-2 1946’ సంపుటిలో నడపగలిగినవే రెండు వందలు దాటాయి. పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది కాబట్టి నేను ఎక్కువగా చూసింది ఇదే. ఇందులో ఫాకె-వుల్ఫ్ 190 అనే జర్మన్ యుద్ధవిమానం ఉంది. దాని కాక్‌పిట్‌లో కూర్చుంటే గురి చూసే అద్దం కింది భాగం ఒక మందపాటి పట్టీ వెనక దాక్కుంటుంది. శత్రువు సరిగ్గా ఆ పట్టీ వెనకే మాయమవుతాడు. ఆడేవాళ్లు గోల పెట్టారు. మేము అసలు డ్రాయింగుల ప్రకారమే కాక్‌పిట్ గీశాం, తప్పు లేదు అన్నారు తయారీదారులు.

విచిత్రమేమిటంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. డ్రాయింగు సరైనదే. అయినా నిజం విమానంలో పైలట్‌కు ఆ పట్టీ అంత మందంగా కనిపించేది కాదు. కారణం మనం పదో తరగతిలో చదివిన వక్రీభవనం. ఆ విమానం ముందు అద్దం తుపాకీ గుండ్లను ఆపడానికి 50 మి.మీ. మందంతో, బాగా ఏటవాలుగా పెట్టిన గాజు. కాంతి దాంట్లోంచి వచ్చేటప్పుడు పక్కకు జరుగుతుంది. గాజు దిమ్మెతో, గుండుసూదులతో ల్యాబులో చేసిన ప్రయోగం గుర్తు చేసుకోండి. లెక్క వేయడం కూడా కష్టం కాదు. వక్రీభవన గుణకం 1.5, పతన కోణం 60 డిగ్రీలు అనుకుంటే, కిరణం గాజులో సుమారు 35 డిగ్రీల కోణంతో పోతుంది. 50 మి.మీ. మందానికి పక్కకు జరిగే దూరం దాదాపు 25 మి.మీ. వస్తుంది. అంటే పైలట్ కన్ను ఒక అంగుళం పైకి లేచినట్టు లెక్క. పట్టీ మీదుగా చూడటానికి ఆ అంగుళం చాలు. కంప్యూటర్‌లో గీసిన అద్దానికి మాత్రం మందం లేదు. అందులో కాంతి తిన్నగా పోతుంది.

ఆ పట్టీ మీద ఏళ్ల తరబడి వాదన జరిగింది. పాత ఫొటోలు తెచ్చారు, డ్రాయింగులు తెచ్చారు, పైన నేను చెప్పిన సూత్రం తెచ్చారు. ఫిజిక్స్ విద్యార్థిగా నాకు ఈ గొడవంతా ఒక పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ నచ్చింది. స్నెల్ నియమం వల్ల ఒక మనిషి శత్రువును చూడగలడా లేదా అన్నది తేలుతుందని మాకు ఏ లెక్చరర్ గారూ చెప్పలేదు.

ఇప్పుడు కోరికల సంగతి. ఈ రోజుల్లో బాగా పేరున్న ‘డీసీఎస్ వరల్డ్’ తీసుకోండి. సిమ్యులేటర్ ఉచితం, దాంతోపాటు రెండు విమానాలు ఉచితం. మిగతా విమానాలు విడివిడిగా కొనుక్కోవాలి. చాలావాటి ధర 50 నుంచి 80 డాలర్ల దాకా ఉంటుంది. మన డబ్బుల్లో ఒక విమానం ధరకు మనలో చాలామందికి ఒక సెమిస్టరు పుస్తకాలు వస్తాయి. పూర్తికాకుండానే ‘ఎర్లీ యాక్సెస్’ పేరుతో అమ్మే పద్ధతి కూడా ఉంది. ఎఫ్/ఏ-18 2018లో, ఎఫ్-16 2019లో అలాగే వచ్చాయి. కొన్నవాళ్లు మిగతా భాగాల కోసం ఎదురుచూస్తూ ఉండాలి. ఈలోగా ఇంకో కొత్త విమానం ప్రకటన వస్తుంది.

ఏ విమానం తయారుచేయాలో ఎవరు నిర్ణయిస్తారు? కొనేవాళ్లు. కొనేవాళ్లు ఎక్కువగా అమెరికాలో, యూరప్‌లో ఉన్నారు. వాళ్ల అభిమాన విమానాలు వస్తాయి. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అంతే. కానీ 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న మన నాట్ కావాలని మనం పదిమందిమి అడిగితే ఎవరు లెక్కచేస్తారు? కోరికకు బరువు వచ్చేది జేబు నుంచి. బగ్ అలా కాదు. ఒక్కడు చెప్పినా చాలు, రుజువు ఉండాలి. చెప్పినవాడు న్యూయార్క్‌లో ఉన్నాడా, నర్సంపేట హాస్టల్లో ఉన్నాడా అని కాంతికిరణం అడగదు. ఇంగ్లిష్ సరిగ్గా రాదని వెనకాడే తెలుగు మీడియం విద్యార్థి కూడా వెర్షన్ నంబరు, ఎత్తు, వేగం, ఇంధనం అంకెల్లో రాయగలడు. డీసీఎస్‌లోనైతే మనం ఎగిరిన ఎగురుడంతా ఒక ‘ట్రాక్’ ఫైలుగా దాచుకుంటుంది. దాన్ని జతచేస్తే అవతలివాళ్లు తమ కంప్యూటర్‌లో మళ్లీ నడిపి చూసుకుంటారు. మీ వ్యాకరణం ఎవరికి కావాలి?

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న మన సీనియర్లను అడగండి. మొదటి వారంలో నేర్పేది ఇదే. తప్పు మళ్లీ ఎలా తెప్పించాలో మెట్టుమెట్టుగా రాయాలి, ఏం జరగాలో రాయాలి, ఏం జరిగిందో రాయాలి. ‘విమానం చెత్తగా ఉంది’ అంటే అది రిపోర్టు కాదు. మన హాస్టళ్లలో రాసే అర్జీలు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. ‘నీళ్ల సమస్య తీవ్రంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు’ అని రాస్తాం. తగు చర్యలు అలాగే ఉండిపోతాయి. రెండో అంతస్తులో ఆరు కుళాయిల్లో నాలుగింటికి పొద్దున ఐదు నుంచి ఏడు దాకా నీళ్లు రావడం లేదు, పదకొండు రోజులుగా, అని రాసిన అర్జీని పక్కన పడేయడం కొంచెం కష్టం. (ఏ హాస్టల్ అని అడక్కండి.)

నా వాదనకు ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనది కాదు. కొత్త విమానాలు అమ్మితేనే పాతవి దిద్దే ప్రోగ్రామర్లకు జీతాలు వస్తాయి అంటారు. పైగా విమానం బొమ్మ గీసేవాడు వేరు, రాడార్ కోడ్ రాసేవాడు వేరు, మొదటివాణ్ని ఆపినంత మాత్రాన రెండోవాడి పని త్వరగా కాదు అంటారు. రెండూ నిజమే. కానీ దిద్దిన పాతదాన్ని కూడా అమ్మవచ్చు కదా! 2020లో డీసీఎస్ వాళ్లు తమ పాత ఏ-10సీ విమానాన్ని మెరుగుపరచి, అంతకుముందు కొన్నవాళ్లకు సుమారు 10 డాలర్లకే ఇచ్చారు. జనం కొన్నారు. ఇలాంటివి ఎక్కువ కావాలి. సగం పూర్తయిన విమానాలు రెండు చేతిలో ఉండగా మూడోదానికి ముందస్తు డబ్బు తీసుకోవడం మాత్రం నాకు సమంజసంగా కనిపించదు.

బగ్గులు దిద్దడం ఒక్కటే పనిగా పెట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే ‘ఫాల్కన్ 4.0’ కథ ఉంది. ఎఫ్-16 సిమ్యులేటర్. 1998 డిసెంబరులో మైక్రోప్రోజ్ కంపెనీ విడుదల చేసింది. కొరియా ద్వీపకల్పంలో యుద్ధం మొత్తం, మనం ఎగిరినా ఎగరకపోయినా, తనంతట తాను సాగుతుంటుంది. ఆ కాలానికి అది మామూలు విషయం కాదు. కానీ నిండా బగ్గులు. ఏడాదికే తయారుచేసిన బృందాన్ని తీసేశారు. 2000లో దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. అలా పొక్కడం సరైనదని నేను అనను. కానీ ఆ తర్వాత జీతం లేని ఔత్సాహికులు దాన్ని పట్టుకుని దిద్దుతూ పోయారు. ‘ఫాల్కన్ బీఎమ్మెస్’ పేరుతో ఈనాటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. కంపెనీ వదిలేసిన దాన్ని పాతికేళ్లకు పైగా బతికించింది ప్రధానంగా ఒకే ఒక విమానం మీద శ్రద్ధ. ఇల్-2 1946కు కూడా తర్వాతి కాలంలో ‘టీమ్ డైడలోస్’ అనే స్వచ్ఛంద బృందమే దిద్దుబాట్లు చేసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. డీసీఎస్‌లో 2014 నుంచి మిగ్-21 బిస్ ఉంది. ఆ విమానం మనకు పరాయిది కాదు. 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అరవై రెండేళ్లు! హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగాన్ని 1965లో పెట్టిందే మిగ్-21లకు ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేయడానికి. అంటే ఆ కాక్‌పిట్‌లోని పెట్టెలను విప్పి బిగించిన చేతులు మన మధ్యే ఉన్నాయి. రిటైరై, ఏ కూకట్‌పల్లిలోనో మనవలను స్కూలు బస్సు ఎక్కిస్తూ ఉంటారు. దిగేటప్పుడు ఫ్లాపుల మీదుగా ఇంజను నుంచి గాలి ఊదే ఏర్పాటు ఒకటి ఆ విమానంలో ఉంటుంది. అది పనిచేస్తే విమానం ఎలా కుదుటపడుతుందో, పనిచేయకపోతే ఎలా ఉంటుందో మాన్యువల్‌లో రెండు ముక్కలే ఉంటాయి. దాన్ని నడిపినవాడికీ, బాగుచేసినవాడికీ పది పేజీలు తెలుసు. సిమ్యులేటర్‌లో అది తప్పుగా ఉంటే పట్టుకోగలిగేది వాళ్లే. వాళ్లెవరూ రాయరు. వాళ్లను ఎవరూ అడగరు కూడా.

అడగమంటే రహస్యాలు అడగమని కాదు. ఇక్కడ హద్దు గట్టిగా ఉండాలి. డీసీఎస్ తయారుచేసే కంపెనీలో పనిచేసిన ఒక రష్యన్ ఉద్యోగి ఎఫ్-16 మాన్యువళ్లు అమెరికా నుంచి తెప్పించుకోవాలని చూసి, కేసులో చిక్కి, 2019లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక సిమ్యులేటర్ కోసం జైలు! విమానం రిటైరైనా దాని కాగితాలన్నీ బహిరంగమైనట్టు కాదు. మనకు కావాల్సింది మ్యూజియంలో, అచ్చయిన పుస్తకాల్లో, పెద్దల జ్ఞాపకాల్లో బహిరంగంగా దొరికేదే. అదీ చాలా ఉంది.

ఇంత చెప్పాక నాకు మాత్రం కోరిక లేదా అంటే, ఉంది. హెచ్‌ఎఫ్-24 మారుత్. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో మన దేశం రూపొందించుకున్న తొలి జెట్ యుద్ధవిమానం. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. మొత్తం 147 తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు పనిచేసింది. దాని రూపకర్త కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు. పైన అద్దం పట్టీ గొడవ చెప్పానే, ఆ ఫాకె-వుల్ఫ్ 190ను రూపొందించింది కూడా ఆయనే. డీసీఎస్ అమ్మే విమానాల్లో మారుత్ లేదు. వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు, కొనేవాళ్లు ఎక్కడున్నారు?

కానీ కోరికను కూడా బగ్ రిపోర్టు లాగా రాయవచ్చు. మారుత్ గురించి అందరికీ తెలిసిన ఒక నింద ఉంది. విమానం అందంగా ఉంది, ఇంజన్లకు బలం చాలదు అని. రెండు ఓర్ఫియస్ 703 ఇంజన్లు. అంతకన్నా బలమైనవి దొరక్క వాటితోనే సరిపెట్టుకున్నారు. ఎంత బలం చాలదు? ఎత్తు పెరిగేకొద్దీ ఎంత తగ్గేది? ఎండాకాలం జోధ్‌పూర్‌లో నిండు ఇంధనంతో లేవడానికి రన్‌వే ఎంత తినేది? మారుత్ కావాలని వెయ్యిమంది సంతకాలు పెట్టేకన్నా ఈ మూడు ప్రశ్నలకు జవాబులు, ఎక్కడ దొరికాయో పేజీతో సహా, ఒక నోటుబుక్కులో చేరితే తయారుచేసేవాడికి పని మొదలుపెట్టడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలో ఒక మారుత్ నిలబెట్టి ఉంది. వచ్చే విహారయాత్రకు మైసూరు, ఊటీ అంటున్న తమ్ముళ్లు దారిలో ఒక పూట అక్కడ ఆగగలిగితే, ముందు అద్దం ఎంత మందం ఉందో, ఎంత వాలుగా ఉందో చూసి నాకు ఒక ఉత్తరం రాయండి. స్కేలు తీసుకెళ్లండి, కానీ తాకనిస్తారో లేదో ముందు అడగండి.