మినహాయింపుతో మొదలయ్యే లెక్క

న్యూఢిల్లీ: ప్రజల ఖర్చులను గురించీ, ఉపాధిని గురించీ జాతీయ నమూనా సర్వేలు వెలువరించే నివేదికల తొలి పుటలలో ఒక వాక్యం కనిపిస్తుంది. సర్వే యావద్భారతంలోనూ జరిగిందనీ, అండమాన్, నికోబార్ దీవులలో చేరుకోవడం కష్టమైన గ్రామాలు మాత్రం ఇందులో చేరలేదనీ దాని సారాంశం. నివేదికను చదివేవారు సాధారణంగా ఆ వాక్యాన్ని దాటి అంకెల దగ్గరకు పోతారు. ఒకప్పుడు నాగాలాండ్‌లో బస్సు మార్గానికి అయిదు కిలోమీటర్ల ఆవల ఉన్న గ్రామాలు కూడా ఈ మినహాయింపులో ఉండేవి. కాలక్రమంలో అవి లెక్కలోకి వచ్చాయి. దీవుల మినహాయింపు మాత్రం అలాగే మిగిలిపోయింది. కుటుంబాల ఆదాయాన్ని దేశవ్యాప్తంగా లెక్కించే సర్వేను 2026 ఫిబ్రవరిలో ప్రారంభించగలమని కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ 2025లో ప్రకటించిన తరుణంలో ఈ చిన్న వాక్యాన్ని కాస్త నిదానంగా చదవవలసి ఉన్నది.

చేరుకోలేని గ్రామాల సంగతి అలా ఉంచి, సులభంగా చేరుకోగల ఊరినే ఉదాహరణగా తీసుకుందాం. దక్షిణ అండమాన్‌లో చాథమ్ రేవు వద్ద పడవ ఎక్కితే కొద్దిసేపటిలో అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ వస్తుంది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్ నగరం అక్కడి నుంచి కనుచూపు మేరలోనే ఉంటుంది. మనుషులూ, వాహనాలూ పడవ మీదనే దాటుతారు. రోడ్డు మీద రావాలంటే చాలా దూరం చుట్టి రావాలి. జనాభా లెక్కలలో ఈ ఊరు పట్టణం. పాలనలో మాత్రం పంచాయతీ. నమూనా సర్వేలు జనాభా లెక్కల నిర్వచనాన్నే పాటిస్తాయి కనుక బాంబూఫ్లాట్ వాసి పంచాయతీకి ఓటు వేసినా, సర్వే కాగితంలో పట్టణవాసిగానే నమోదవుతాడు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో కొంచెం ముందుకు పోయాక తెలుస్తుంది.

స్వతంత్ర భారతంలో ఈ సర్వేలకు పునాది వేసినవారు ఆచార్య మహలనోబిస్. 1949లో ఆయన అధ్యక్షతన జాతీయాదాయ సంఘం ఏర్పడింది. దేశాదాయాన్ని లెక్కకట్టబోతే ప్రజలు ఏమి తింటున్నారో, ఏమి కొంటున్నారో తెలిపే సమాచారమే లేదని తేలింది. ఆ లోటును పూరించడానికి 1950 అక్టోబరులో తొలి నమూనా సర్వే మొదలయింది. కోట్లాది కుటుంబాలను అడగడం అసాధ్యం. కొన్నింటిని సక్రమంగా ఎంపిక చేసి అడిగితే అందరి సంగతీ తెలుస్తుందన్నదే ఇందులోని శాస్త్రం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసే ఇల్లాలికి ఈ శాస్త్రం కొత్త కాదు. అయితే మెతుకు ఆ కుండలోనిదే కావాలి.

ఎంపిక రెండు అంచెలలో జరుగుతుంది. మొదట గ్రామాలనూ, పట్టణాలలోని వార్డు భాగాలనూ ఎన్నుకుంటారు. తరువాత వాటిలో ఇళ్ల జాబితా రాసుకొని కొన్ని ఇళ్లను ఎంచుతారు. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో 8,723 గ్రామాలు, 6,115 పట్టణ భాగాలు, మొత్తం 2,61,746 కుటుంబాలు వచ్చాయి. సంపన్నులు నమూనా నుంచి జారిపోకుండా పల్లెలో భూమినిబట్టి, పట్టణంలో కారునుబట్టి కుటుంబాలను వర్గాలుగా విడదీశారు. ఒక్కొక్క ఇంటికి సర్వే ఉద్యోగి మూడు నెలలలో మూడుసార్లు వెళ్లాడు. ఒకసారి తిండి, ఒకసారి రోజువారీ వస్తువులు, సేవలు, మరొకసారి మన్నికగల వస్తువుల వివరాలు అడిగాడు. ప్రశ్నించవలసిన అంశాలు సుమారు 400.

అడిగే తీరును బట్టి జవాబు మారుతుందన్నది ఈ సర్వేల చరిత్ర నేర్పిన పెద్ద పాఠం. నెల రోజులలో ఎన్ని కూరగాయలు కొన్నారని అడిగితే ఎవరికీ గుర్తుండదు. గడచిన ఏడు రోజుల లెక్క అడిగితే కొంత గుర్తుంటుంది. ఆసుపత్రి ఖర్చూ, బట్టలూ, మంచమూ ఏడు రోజులలో కొనేవి కావు. వాటికి ఏడాది లెక్క కావాలి. 1994 నుంచి 1998 వరకు ఈ రెండు పద్ధతులనూ వేర్వేరు కుటుంబాల మీద పరీక్షించారు. తిండికి ఏడు రోజుల లెక్క అడిగినచోట ఖర్చు ఎక్కువగా తేలింది. దేశంలో పేదల సంఖ్య ఒక్క ప్రశ్న మార్పుతో ఇంచుమించు సగానికి తగ్గేటంత తేడా అది! 1999-2000లో ఏడు రోజుల గడినీ, ముప్పై రోజుల గడినీ ఒకే కాగితంపై పక్కపక్కనే పెట్టారు. ఒక జవాబు రెండవదానిని ప్రభావితం చేసిందన్న వివాదం చెలరేగి, ఆ దశాబ్దంలో పేదరికం ఎంత తగ్గిందన్న చర్చ ఏళ్ల తరబడి తెగలేదు. పేదవాడి పళ్లెంలో మెతుకు పెరగకపోయినా, ప్రశ్న మారితే పేదరికం తగ్గవచ్చునన్నమాట.

ఖర్చు సంగతే ఇలా ఉంటే ఆదాయం సంగతి మరీ కష్టం. 1960 దశకంలో నమూనా సర్వేలు ఆదాయాన్ని కూడా అడిగి చూశాయి. ప్రజలు చెప్పిన ఆదాయం, వారే చెప్పిన ఖర్చూ పొదుపూ కలిపిన మొత్తం కంటె తక్కువగా తేలడంతో ఆ ప్రయత్నం విరమించుకున్నారు. 1980 దశకంలో మరొకసారి ప్రయోగం జరిగినా దేశవ్యాప్త సర్వే కాలేదు. ఇందుకు కారణం కేవలం జనం దాచుకోవడమే కాదు. బాంబూఫ్లాట్‌లో ఒక మత్స్యకారుల ఇల్లు నమూనాలో ఎంపికైందనుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు కనుక అది మనవారి ఇల్లే కావచ్చు. నెలకు ఎంత వస్తుందని అడిగితే ఆ ఇంటి యజమాని ఏమని చెప్పగలడు? వేట పడిన రోజున ఒక మొత్తం, తుపాను నాడు సున్న. వచ్చిన దానిలో డీజిలుకు కొంత, మంచుగడ్డకు కొంత, వలకు కొంత పోతుంది. ఇంటికి తెచ్చుకున్న చేపకు ధర కట్టరు. చెన్నపట్నంలోనో విశాఖలోనో ఉన్న కొడుకు పంపిన డబ్బు ఆదాయమా, అప్పా? పక్కింట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే ఆయన జీతం ఒక్క ముక్కలో చెప్పగలడు. అందువల్ల ఆదాయ సర్వేలో నికరమైన జీతం స్పష్టంగా పడుతుంది. నిలకడలేని బ్రతుకు మసకగా పడుతుంది.

దీనికి భయం తోడవుతుంది. నిజం చెబితే రేషను కార్డు పోతుందని పేదవాడికి, పన్ను పడుతుందని కలవాడికి అనుమానం. 2025 ఆగస్టులో మంత్రిత్వశాఖ కొన్ని ఇళ్లలో ప్రశ్నావళిని పరీక్షించి చూసినప్పుడు నూటికి 95 మంది ఇది చెప్పుకోదగని సొంత విషయమని భావించారట. ఈ సంగతిని దాచకుండా వెల్లడించినందుకు మంత్రిత్వశాఖను అభినందించవలసిందే. అయితే ఆదాయాన్ని అడగడం అసాధ్యమేమీ కాదు. ఢిల్లీలోని జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలి, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2004-05లో 41,554 కుటుంబాల ఆదాయ వివరాలను సేకరించింది. 2011-12లో మళ్లీ అవే కుటుంబాలలో అత్యధిక భాగాన్ని కలుసుకున్నది. మంచి పని. కాని అందులోనూ అండమాన్, నికోబార్ లేదు, లక్షద్వీప్ లేదు. సముద్రం అడ్డువస్తే గణాంకం ఒడ్డునే ఆగిపోతున్నది.

కొద్ది గ్రామాలు వదిలినంత మాత్రాన జాతీయ సగటు మారదని నిపుణులు అంటారు. నిజమే. దేశ జనాభాలో ఆ దీవుల వాటా అత్యల్పం. కాని సర్వేలు జాతీయ సగటు ఒక్కటే చెప్పి ఊరుకోవు. దీవులకు వేరే అంకె వేస్తాయి. ఆ అంకె ఆధారంగా దీవులలో పేదలెందరో చెబుతాయి. 2022-23 సర్వేలో తలసరి నెలసరి ఖర్చు అండమాన్, నికోబార్ గ్రామాలలో 7,332 రూపాయలు, పట్టణాలలో 10,268 రూపాయలుగా తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇవే అంకెలు 4,870, 6,782. తెలంగాణలో 4,802, 8,158. పైకి చూస్తే దీవులవారు మనకంటె ఎంతో సుఖంగా ఉన్నారనిపిస్తుంది. ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు కూడా కొనేవాడే ఇచ్చుకోవాలని ఈ అంకె చెప్పదు. ఎక్కువ ఖర్చు పెట్టడం వేరు, ఎక్కువ పొందడం వేరు.

ఇక పేదరికం లెక్క చూడండి. 2011-12కు ప్రణాళికా సంఘం వేసిన అంచనాలలో అండమాన్, నికోబార్‌కు సొంత దారిద్ర్యరేఖ లేదు. తమిళనాడు రేఖనే అరువు తెచ్చి వాడారు. ఆ రేఖ నెలకు తలకు పల్లెలో 880 రూపాయలు, పట్టణంలో 937 రూపాయలు. తమిళనాడు ధరలకు సరిపోయే కొలబద్దతో, సరుకంతా సముద్రం దాటి రావలసిన చోటును కొలిచారు. ఫలితం ఏమయింది? దీవుల పల్లెలలో నూటికి 1.57 మంది పేదలు, పట్టణాలలో సున్న. జనాభా లెక్కలు పట్టణమన్నాయి కనుక బాంబూఫ్లాట్ కూడా ఆ సున్నలోనే కలిసిపోయింది. ఆ ఊళ్లో పేదవాడు ఒక్కడూ లేడని ఢిల్లీ కాగితం మీద తేలింది. పడవ దాటి అటు పోయి ఎవరినైనా అడిగితే ఆ లెక్కను నమ్ముతారా?

ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందనలేము. చిన్న ప్రాంతాలకు విడిగా ధరలు సేకరించడం, ఎక్కువ కుటుంబాలను అడగడం ఖర్చుతో కూడిన పని. కాని అంకె ఒకసారి అచ్చయ్యాక దాని వెనుక ఉన్న అరువు సంగతి మరుగున పడుతుంది. సున్న మాత్రం నిలుస్తుంది. లేని పేదవాడికి పథకం ఎందుకని అడిగే అధికారికి ఆ సున్నే ఆధారం.

ఈ సందర్భంలో మరొక సంగతి మరువరాదు. 2017-18లో జరిగిన వినియోగ వ్యయ సర్వే ఫలితాలను, సమాచార నాణ్యతలో లోపాలున్నాయన్న కారణంతో, ప్రభుత్వం 2019 నవంబరులో వెలువరించకుండా నిలిపివేసింది. ప్రజల ఖర్చు తగ్గినట్లు ఆ సర్వేలో తేలిందని అప్పటికే పత్రికలలో వచ్చింది. లోపాలుంటే వాటిని వివరిస్తూనే ఫలితాలను ప్రకటించవచ్చు. నిలిపివేసినందువల్ల 2011-12 తరువాత పదేళ్లకు పైగా దేశానికి అధికారిక వినియోగ లెక్క లేకుండా పోయింది. ధరల సూచీ సైతం ఆ పాత తూకాలతోనే నడిచింది. తన జవాబును ప్రభుత్వం తనకు నచ్చితేనే వినిపిస్తుందన్న అనుమానం కలిగితే, తలుపు తట్టిన సర్వే ఉద్యోగికి గృహస్థుడు నిజం చెప్పడు. ఏ శాస్త్రమూ ఆ లోటును సరిదిద్దలేదు.

కనుక ఆదాయ సర్వే విషయంలో ప్రభుత్వం మూడు పనులు చేయవలసి ఉన్నది. ఫలితం ఎలా ఉన్నా ఫలానా తేదీన ప్రకటిస్తామని ముందే మాట ఇవ్వాలి. 2008 నాటి గణాంక సేకరణ చట్టం ప్రకారం చెప్పినవారి వివరాలు గోప్యంగా ఉంటాయన్న సంగతిని వారి భాషలో వారి గడప వద్దనే చెప్పాలి. దీవులకు తగినన్ని కుటుంబాలను నమూనాలో చేర్చి, అక్కడి ధరలతోనే అక్కడి బ్రతుకును కొలవాలి. నాగాలాండ్ కొండలు ఎక్కగలిగిన సర్వే నికోబార్ రేవులు దాటలేదా? ఎన్నికలు వచ్చినప్పుడు ఓట్ల పెట్టె ఆ దీవులకూ చేరుతున్నది. ఓటు అడగడానికి దొరికే దారి, యోగక్షేమం అడగడానికి దొరకదనడం భావ్యం కాదు. తొలి పుటలోని ఆ మినహాయింపు వాక్యం లేకుండా నివేదిక వెలువడిననాడే ఈ లెక్క యావద్భారతానిదని చెప్పుకునే హక్కు ఢిల్లీకి కలుగుతుంది.