చల్లారిన కాఫీ

మొన్న కార్తీకమాసంలో, విజయవాడలో మా కాలనీ మహిళా మండలి వాళ్ళు ఓ ఆదివారం పొద్దున్నే ఒక పెద్దమనిషి చేత ఉపన్యాసం ఇప్పించారు. విషయం "ఈ క్షణంలో జీవించడం". ఆయన చక్కగా మాట్లాడారు. గొంతు మంచిది, ఖద్దరు లాల్చీ బాగుంది, చెప్పిన మాటల్లో కూడా పేరు పెట్టడానికేం లేదు.

"కాఫీ తాగుతున్నప్పుడు కాఫీ మాత్రమే తాగండమ్మా! పిల్లాడి లంచ్ బాక్సు గురించి ఆలోచించకండి. ఆ పొగ, ఆ వాసన, నాలిక మీద ఆ చేదు, అన్నీ గమనించండి. కిటికీలోంచి పడే ఎండని చూడండి. జీవితం అక్కడుంది!" అన్నారు.

అందరం తలలూపాం. ఆయన్ని పట్టుబట్టి పిలిపించిన మా కోశాధికారి గారికి మాత్రం ఒక్క ముక్క వినబడలేదు. హాలు వెనక వంటగదిలో ఆవిడా, మరో ఇద్దరూ ఉప్మాలోకి జీడిపప్పు వేయిస్తున్నారు. ఉపన్యాసం అయ్యాక వక్తగారికి స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ వచ్చింది. తరవాత వచ్చిన మగవాళ్ళకి. తరవాత మాకు. వంటగదిలో ఉన్న ముగ్గురూ మిగిలిన దాన్ని గ్లాసుల్లోకి వంపుకుని, నిలబడే గటగటా తాగేసి గిన్నెలు కడగడానికి పోయారు. వాళ్ళ క్షణం అంతటితో సరి.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నా నోరు ఊరుకోదు కదా! "అయ్యా, మీ ఇంట్లో కాఫీ ఎవరు కలుపుతారండీ?" అన్నాను.

"మా ఆవిడే."

"ఆవిడ ఎప్పుడు తాగుతారు?"

ఆయన కాస్సేపు ఆలోచించారు. పాపం, నిజాయితీపరుడే. "తాగుతుందనే అనుకుంటానండీ... ఎప్పుడో" అన్నారు.

హాలంతా నవ్వారు. ఇంటికొస్తూంటే దారిలో ఇద్దరు ముగ్గురు "పెద్దాయన్ని అలా అడగొచ్చుటండీ?" అని నన్ను మందలించారు కూడా. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన చెప్పింది మంచిమాటే. కాకపోతే మందు ఒకరికీ, రోగం ఇంకొకరికీ. కిటికీలో ఎండ చూడడానికి కళ్ళుంటే చాలదండీ, కూర్చోవాలి. మనింట్లో కూర్చునేదెవరు?

ఇది నా చాదస్తం కాదు, లెక్కలున్నాయి. మన ప్రభుత్వ గణాంక శాఖ వాళ్ళే 2019లో దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉంటున్నారట. మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళ సంగతి, అలా ముట్టుకున్నవాళ్ళు నూటికి 26 మందే. 299 అంటే అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. ఆ ఒక్క నిమిషమే కాబోలు, సౌందర్యారాధనకి మనకి వదిలిపెట్టారు!

ముగ్గు సంగతి తీసుకోండి. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, నడుం వంచి అరగంట వేస్తాం. బొమ్మలు గీసేవాళ్ళు గీత గీతకీ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకుంటారు. మనం? చివరి మెలిక కలపగానే డబ్బా తీసుకుని లోపలికి పరుగు. స్టవ్ మీద పాలున్నాయి మరి. ఆ ముగ్గుని తీరిగ్గా చూసేది పేపరు కుర్రాడూ, పొద్దున్నే నడకకి వెళ్ళే పెద్దలూనూ. అందాన్ని తయారుచేసేది మనం, అనుభవించేది దారినపోయేవాళ్ళు.

డికాషను కూడా అంతే. ఫిల్టర్లోంచి మొదట దిగిన చిక్కని డికాషను ఆయనకీ, మావగారికీ, వచ్చిన చుట్టానికీ. దానిమీద మళ్ళీ వేణ్ణీళ్ళు పోస్తే వచ్చే రెండో డికాషను మనకి. "నాకు పల్చగానే ఇష్టం" అని చెప్పుకుంటాం. నిజంగానా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి. నేనైతే పెళ్ళయిన పదహారేళ్ళ దాకా ఆ అబద్ధం ఆడాను. ఆడగా ఆడగా నిజమనే అనుకున్నాను.

ఇక్కడిదాకా చదివి మగవాళ్ళని బాగా కడిగిపారేశానని సంతోషించకండి. మనమాట కూడా ఉంది.

మధ్యాహ్నం పూట ఓ పావుగంట ఊరికే కూర్చున్నారనుకోండి. చేతిలో పుస్తకం లేదు, ఫోను లేదు, చిక్కుళ్ళు ఈనెలు తీయడం లేదు. ఊరికే. గేటు గడియ చప్పుడైంది. ఏం చేస్తారు? చటుక్కున లేస్తారు! చీపురో, గుడ్డో, ఏదో ఒకటి చేతిలోకి తీసుకుంటారు. కూర్చున్నట్టు కనబడితే తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. ఎవరూ తిట్టరు, అయినా లేస్తాం. "క్షణం తీరిక లేదండీ" అన్నది మన సొమ్ముల్లో ఓ సొమ్ము. పెళ్ళిళ్ళకి గాజులతోపాటు వేసుకెళ్ళి పదిమందికీ చూపిస్తాం.

మనింట్లో పనిచేసే అమ్మాయికి విడిగా పెట్టిన గ్లాసులో చల్లారిన కాఫీ పోసేదెవరండీ? ఏ పెద్దమనిషీ కాదు, మనమే. ఆ పిల్ల ఆరిళ్ళు తిరిగి వస్తుంది. మన వేడి కాఫీ కోసం యుద్ధానికి బయల్దేరేముందు ఆ గ్లాసు సంగతి తేల్చుకోవాలి. నేను చాలా ఆలస్యంగా తేల్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా అమ్మ సంగతి చెబుతాను. కాకినాడలో మా ఇంటి పెరట్లో పారిజాతం చెట్టుంది. నేను పుట్టిన ఏడు అమ్మే నాటింది. పారిజాతం తిక్క చెట్టండీ. సాయంత్రం చీకటి పడుతూంటే పూస్తుంది, తెల్లవారేసరికి నేలమీద ఉంటుంది. తెల్లటి రేకలు, పగడంలాంటి కాడ. రాలిన పువ్వు పూజకి పనికిరాదని అన్ని పూల విషయంలోనూ అంటారుగానీ దీనికి మాత్రం మినహాయింపు. అమ్మ రోజూ నాలుగున్నరకి లేచి దేవుడికి ఓ గుప్పెడు ఏరి పెట్టి, తక్కినవి ఊడ్చి కుప్ప చేసేది. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆవిడకి అదో అదనపు చాకిరీ. "ఈ చెట్టు కొట్టించేస్తానే, నా నడుం విరిగిపోతోంది" అని ఏటా అనేది. కొట్టించలేదు.

విరిగింది నడుం కాదు, తుంటి ఎముక. డెబ్భై ఒకటో ఏట స్నానాలగదిలో జారిపడింది. ఆపరేషనయ్యాక మూడు నెలలు వంగకూడదన్నారు. నేను వెళ్ళి ఉన్నాను. తెల్లవారుజామున ఆవిడకి అలవాటుగా మెలకువ వచ్చేసేది, పడుకోలేకపోయేది. ఓ రోజు పట్టుకుని నడిపించి, పెరటి అరుగుమీద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఇంకా చీకటిగానే ఉంది. లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. నన్ను చూసి "ష్" అంది.

"ఏవిటమ్మా?"

"వినవే. రాలుతున్నాయి. చప్పుడవుతోంది."

నిజమే. కింద ఎండుటాకుల మీద టప్... కాసేపాగి మళ్ళీ టప్. చెవి ఒగ్గితే తప్ప వినబడదు. అమ్మ చేతిలో గ్లాసు పట్టుకుని కొమ్మలకేసి చూస్తూ అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి, "నలభై ఏళ్ళబట్టీ ఇవి నేలమీదే పూస్తాయన్నట్టు ఊడ్చానే" అంది. ఆ కాఫీ కూడా చల్లారిపోయింది. కానీ అది వేరే రకం చల్లారడం.

అమ్మ పోయి రెండేళ్ళయింది. తుంటి ఎముక విరిగితే తప్ప మా అమ్మకి తన చెట్టు కింద కూర్చునే అధికారం రాలేదన్నది నాకు మింగుడుపడడం లేదు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలీదు. నాన్నగారు మంచివాడు, కూర్చోవద్దని ఏనాడూ అనలేదు. కూర్చోమని కూడా ఏనాడూ అనలేదు.

బి.ఏ.లో మాకు నంది తిమ్మనగారి పారిజాతాపహరణం పాఠం ఉండేది. రుక్మిణికి ఒక్క పువ్వు దక్కిందని సత్యభామ అలిగింది, కృష్ణుడు ఇంద్రుడితో పోట్లాడి ఏకంగా చెట్టే తెచ్చి ఆవిడ పెరట్లో పెట్టాడు. అసూయాపరురాలని లెక్చరరుగారు చెప్పారు, మేం పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆ జవాబు కొట్టేసి మళ్ళీ రాయాలనుంది. నాకూ కావాలి అని అలిగిన ఆడది ఆవిడ. మనం అలగడం కూడా మానేశాం. పైగా, ఆ చెట్టు కింద సత్యభామ చీపురు పట్టిందని తిమ్మనగారు ఎక్కడా రాయలేదు!

"అలిగితే ఇల్లు నడుస్తుందా?" అంటారు. నడుస్తుంది. కుంటుతూ నడుస్తుంది, కొంతకాలం. ధ్యాన శిబిరాలకి వెళ్ళండి, నేనేం వద్దనను. కానీ పదిరోజులు కళ్ళు మూసుకోవడానికి వెళ్ళేముందు, ఇంట్లో రోజుకో పావుగంట కళ్ళు తెరుచుకుని కూర్చునే హక్కు సంపాదించుకోండి. ఎవరినీ అడిగి కాదు. అడిగితే ఇస్తారు, కానీ అది వాళ్ళిచ్చిన సెలవు అవుతుంది. కుర్చీ వేసుకుని కూర్చోవడమే.

నేను మొదలుపెట్టి నెల దాటింది. ఆరింటికి, మొదటి డికాషనుతో, వరండాలో. మొదటి వారం మా వారు పేపరు పట్టుకుని నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్ళారు, ఒంట్లో బాగాలేదేమోనని. రెండో వారం అత్తయ్యగారు "నవల ఆలోచిస్తున్నావా అమ్మా?" అని అడిగారు. నవలైతే ఫరవాలేదన్నమాట, అది పనే కదా! "లేదండీ, ఎదురింటి గోడమీద ఉడతని చూస్తున్నాను" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

నిన్న పొద్దున్న మా వారు తనే పాలు స్టవ్ మీద పెట్టారు. పెట్టి ఫోన్లో పడ్డారు. పొంగే చప్పుడూ, మాడు వాసనా వరండాలోకి వచ్చాయి. "ఇదిగో, ఏవోయ్, పాలు..." అని కేక. స్టవ్ నిండా, గట్టు నిండా పాలేనట. గ్లాసులో ఇంకా సగం కాఫీ ఉంది, వేడిగానే ఉంది. నేను లేవలేదు.