పీఠమును విడుచు ప్రజ్ఞ

ఒక నాయకుడు ప్రజ్ఞావంతుడా కాడా యని తేల్చుటకు లోకము సామాన్యముగా మూడు కొలతలను వాడుచుండును. ఆయన యెన్ని భాషలు నేర్చెను? సభలో జనమును ఎంతసేపు కదలకుండ కూర్చుండబెట్టగలడు? ప్రత్యర్థి యెత్తునకు ఎంత త్వరగా పైయెత్తు వేయగలడు? ఈ మూడును గొప్ప గుణములే, మేము కాదనము. కాని యివన్నియు నాయకుడు పీఠముపై నున్నంత కాలము పనికివచ్చు గుణములు. ఆయన దిగిపోయిన మరునాడు ప్రజలకు మిగులునదేమి? దిగిపోవువాడు వచ్చువానికి ఏమి యప్పగించెను? వచ్చినవాడు దానిని ఏమి చేసెను? ఈ ప్రశ్నలకు దొరకు సమాధానమే నాయకుని బుద్ధికి అసలైన కొలత యని మా యభిప్రాయము.

నల్లగొండ, పాలమూరు మెట్టసీమల వారికి ఈ సంగతి గ్రంథములు చూపి చెప్పనక్కరలేదు. కృష్ణవేణి సరిహద్దున లోతుగా పారుచున్నను మిట్టపొలములకు అందని ఈ సీమలో మన పూర్వులు గొలుసుకట్టు చెరువులను నిర్మించుకొనిరి. మీది చెరువు నిండగానే దాని యలుగు పారి క్రింది చెరువునకు నీరు చేరును. అలుగు లేని చెరువునకు ఒకనాడు కట్ట తెగును. తెగిన నీరు క్రింది చెరువుల కట్టలను గూడ తెంచుకొని పోవును. పదవిని విడువనొల్లని నాయకుడు అలుగు లేని చెరువు. పూర్వుడు విడిచిన మేలును నిలుపుకొనలేని నాయకుడు గండిపడిన చెరువు. ఇద్దరివలనను ఆయకట్టునకు చేటే.

మన ప్రాంతపు చరిత్రలో ఈ పరీక్షకు నిలువదగిన సంస్థ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటలాడబోగా కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను; అది పెరిగి మహాసభయయ్యెను. 1930 లో జోగిపేటలో మొదటి మహాసభ జరుగగా, 1944 లో భువనగిరిలో పదునొకండవది జరిగెను. నడుమ జరిగిన వానిలో దేవరకొండ, షాద్‌నగరు, చిలుకూరు సభలు ఆనాటి నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలోనివే. సర్కారువారి యనుమతి లేనిదే నలుగురు కూడి మాటలాడరాదను గస్తీ యుత్తరువులు అమలులో నున్న దినములవి. అట్టి కాలమున ఈ 11 మహాసభలకు 9 మంది అధ్యక్షులైరి. కొండా వేంకటరంగారెడ్డి గారును, రావి నారాయణరెడ్డి గారును మాత్రమే రెండేసి మార్లు పీఠము నధిష్ఠించిరి. పీఠము ఒక్కరి సొత్తు కాకుండుటయే ఆ సంస్థకు బలమయ్యెను.

మొదటి సభకు అధ్యక్షులైన సురవరము ప్రతాపరెడ్డి గారు పాలమూరు సీమవారు. మరుసటి యేడే దేవరకొండలో ఆ స్థానము బూర్గుల రామకృష్ణారావు గారికి వచ్చినది. పదవి పోయినదని ప్రతాపరెడ్డి గారు ఇల్లు చేరి తలుపు వేసికొనలేదు. 1926 నుండి తాము నడపుచున్న గోలకొండ పత్రికతో ఉద్యమమునకు గొంతునిచ్చుచునే యుండిరి. తెలంగాణమున కవులే లేరన్న నిందకు సమాధానముగా 1934 లో 354 గురు కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఇక మాడపాటి హనుమంతరావు గారి సంగతి మరింత గమనింపదగినది. సూర్యాపేటలో పెరిగిన ఆ మహనీయుడు ఆంధ్రజనసంఘపు బరువును మొదటినుండియు మోసినవాడు. అయినను మొదటి మూడు మహాసభల పీఠమును ఇతరులకు విడిచి, నాలుగవదియగు సిరిసిల్ల సభకు, 1935 లో గాని తాము అధ్యక్షులు కాలేదు. ముందుగా కూర్చుండదగినవాడు వెనుక కూర్చుండుట వినయము మాత్రమే కాదు. పనిచేయువారిని పెంచు నేర్పు అది.

అటుపిమ్మట వచ్చినది కఠినమైన పరీక్ష. బూర్గులవారు బహుభాషావేత్తలు, న్యాయవాదులు. తెలుగు, ఉర్దూ, పారశీకము, సంస్కృతము, మరాఠీ, ఆంగ్లములలో వారికి గల ప్రవేశము అందరెరిగినదే. చిలుకూరు సభకు 1941 లో అధ్యక్షులైన రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ జిల్లా బొల్లేపల్లివారు, భూస్వామి కుటుంబమున పుట్టినవారు. ఆయన ప్రజ్ఞ మరియొక విధమైనది. పూర్వులు గ్రంథాలయములు, పాఠశాలలు, వినతిపత్రములు అను మెట్లను కట్టిరి. వెట్టిచాకిరిని ఖండించుచు తీర్మానములు చేసిరి. అయితే ఆ వెట్టిచేయువాడు సభామంటపము బయటనే నిలిచియుండెనని ఈయన గ్రహించెను. పూర్వులు మెట్లు కట్టకున్న ఈయనకు ఎక్కుటకు చోటు లేదు. ఈయన ఎక్కకున్న ఆ మెట్లు రైతు గుడిసె చేరవు. ఇద్దరి బుద్ధియు ఒకదాని కొకటి కావలసినదే.

కాని 1944 లో భువనగిరిలో ఈ రెండును కలిసి నిలువలేకపోయినవి. జాతీయవాదులు తొలగిపోయిరి, మరుసటి యేడు వారి సభ మడికొండలోను, రావివారి సభ ఖమ్మములోను వేరువేరుగ జరిగినవి. తప్పెవరిదని యిప్పటికిని వాదించువారు కలరు. మేము ఇద్దరిని గూర్చియు ఒక్కొక్క మాట చెప్పుదుము. పీఠమును విడిచిన పెద్దలు, వచ్చినవారి వెనుకనున్న రైతుజనమును చూచుటకు మారుగా వారి సిద్ధాంతమును మాత్రమే చూచిరి. పీఠమెక్కిన యువకులు, పెద్దల మందగమనమును చూచిరిగాని వారు పోగుచేసిన నమ్మకమును చూడలేదు. ఫలితమేమి? 1946 జులై 4 న ఆనాటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకికి బలియైననాడు, తెలుగువారి మహాసభ రెండు సభలై యుండెను.

సిద్ధాంతము వేరైనప్పుడు విడిపోక తప్పునా యని కొందరడుగవచ్చును. అది తీసివేయదగిన ప్రశ్న కాదు. 1939 లో త్రిపురి కాంగ్రెసునకు సుభాసుబాబు మన పట్టాభి సీతారామయ్య గారిని ఓడించి రెండవమారు అధ్యక్షులైరి. పెద్దలు ఆయనతో కలిసి పనిచేయనొల్లరైరి. కొన్ని నెలలలోనే ఆయన రాజీనామా నిచ్చిరి. జాతీయ సంస్థయే ఆ పరీక్షలో తప్పినప్పుడు భువనగిరిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. అయినను భేదము గలుగుట వేరు, ఉమ్మడి పనిని భేదమునకు బలియిచ్చుట వేరు. భేదమును దాచక చెప్పుచునే పనిని తెగనీయకుండుట నాయకుని బుద్ధికి పని. రావివారే 1948 సెప్టెంబరు తరువాత సాయుధపోరాటమును సాగించుట తగదని తమ పక్షమువారితోనే విభేదించి, పక్షమును మాత్రము విడువలేదు. ఆ యన్వేషణాబుద్ధి భువనగిరిలో ఇరుపక్షములకును కలిగియున్న ఎంత మేలయ్యెడిది!

పదవిని విడుచుట మంచిదే. విడిచిన తరువాతి దినమునకు కట్టుదిట్టము చేయుట అంతకంటె కావలసినది. 1952 లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గులవారు, 1956 నవంబరు 1 న విశాలాంధ్ర మేర్పడగా, నీలము సంజీవరెడ్డి గారికి చోటిచ్చి తప్పుకొనిరి. ఇది ఔదార్యమే. కాని ఆ యేడు ఫిబ్రవరి 20 న కుదిరిన పెద్దమనుష్యుల యొడంబడిక, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని చెప్పుచుండగా, తొలి మంత్రివర్గమున ఆ పదవియే లేకపోయెను. మాట తప్పినవారిని అడుగుటకు బలమైన సాధనము నెవ్వరును ఏర్పరచలేదు. పెద్దమనుష్యుల మంచితనముపై మాత్రమే నిలిచిన యొడంబడిక 1969 నాటికి వీధులలో అగ్నియై లేచినది; 2014 జూన్ 2 న గాని ఆ లెక్క ముగియలేదు. వచ్చువాడు మంచివాడే యగునని నమ్ముట సౌజన్యము. మంచివాడు కాకున్నను మాట నిలుచునట్లు చేయుట ప్రజ్ఞ.

అదే బూర్గులవారి కాలముననే మరియొక యప్పగింత సఫలమైనది. 1955 డిసెంబరు 10 న నల్లగొండ జిల్లా నందికొండకడ నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. కాలువలకు నీరు విడుచుట 1967 ఆగస్టులో, కాసు బ్రహ్మానందరెడ్డి గారి కాలమున. నడుమ రాష్ట్రమే మారినది, ముఖ్యమంత్రులు మారిరి. పునాది వేసినది మరొకరని ఎవ్వరును ఆనకట్టను ఆపలేదు. నేడు సాగరపు నీరు త్రాగు పైరు ఏ ముఖ్యమంత్రి పేరును అడుగుట లేదు.

ఇప్పటి సంగతి చూడుడు. శ్రీశైలమునుండి నల్లగొండ ఫ్లోరైడు పల్లెలకు నీరు తేవలసిన సొరంగమార్గము 2005 లో మంజూరయ్యెను. అప్పటినుండి అయిదుగురు ముఖ్యమంత్రులు వచ్చిరి. 2025 ఫిబ్రవరి 22 న ఆ సొరంగము లోపల కూలి 8 మంది పనివారు చిక్కుకొనిన నాటికిని అది ముగియలేదు. పాలమూరు ఎత్తిపోతలకు 2015 లో శంకుస్థాపన చేసిన శ్రీ చంద్రశేఖరరావు గారు, 2023 సెప్టెంబరులో మొదటి పంపును నడపిరిగాని పొలములకు పోవు కాలువలు అప్పటికి పూర్తికాలేదు. ఆ డిసెంబరులో ముఖ్యమంత్రియైన శ్రీ రేవంత్ రెడ్డి గారు పాలమూరు బిడ్డయే. వచ్చిన కొలదికాలమునకే వాహనముల పలకలపై అక్షరములు మారినవి. తెలంగాణతల్లి విగ్రహము రూపు మారినది. అక్షరములు మార్చుట సులభము. కాలువను ముగించుట కష్టము. దిగిపోయినవాడు ముగియని పనిని ముగిసినదని చెప్పుకొనరాదు. ఎక్కినవాడు ముగియని పనిని ఎదుటివాని తప్పుగా చూపుచు కాలము గడపరాదు. ఇద్దరికిని ఇదే మా మనవి.

ఇది ముఖ్యమంత్రులకు మాత్రమే చెప్పుమాట కాదు. గ్రామపంచాయతి సర్పంచికి, సహకారసంఘపు అధ్యక్షునికి, గ్రంథాలయపు కార్యదర్శికి గూడ ఇదియే వర్తించును. పదవి విడుచునాడు లెక్కల పుస్తకమును, బీరువా తాళమును, సగములో నిలిచిన పనుల పట్టికను నలుగురి యెదుట అప్పగించినవాడు బుద్ధిమంతుడు. వాటిని అందుకొని, పూర్వుని పేరు గల రాతిపలకను తొలగింపక, తప్పున్నచోట దిద్ది, మిగిలినదానిని ముగించినవాడు అతనికి తగిన వారసుడు. వోటరు మహాశయులారా! వచ్చు ఎన్నికలలో మీ ముందుకు వచ్చువానిని ఏమి చేసెదవని మాత్రమే యడిగి విడువకుడు. ముందటివాని పనిలో దేనిని నిలుపుదువు, నీ తరువాతివానికి దేనిని అప్పగింతువు అని గూడ అడుగుడు. ఈ రెండింటికి తడబడక బదులు చెప్పినవానికే మీ వోటు నిండు.