గర్భనిరోధక మాత్రకు వైద్యుని చీటీ యేల?



అత్యవసర గర్భనిరోధక మాత్రను వైద్యుని చీటీ లేనిదే విక్రయింపరాదని గతవారము ఈ పత్రికకు లేఖ పంపినవారు వ్రాసిరి. వారి యుద్దేశము మంచిదే యైనను, లెవోనోర్జెస్ట్రెల్ మాత్ర 2005 నుండి మన దేశమున చీటీ లేకయే లభించుచున్నదనియు, అండము విడుదలగుటను జాగుచేయుటయే దాని పని గాని నిలిచిన గర్భమును తొలగించుట కాదనియు వారు గమనింపలేదు. 72 గంటలలోపల, అందునను ఎంత త్వరగా మ్రింగిన నంతగా ఫలించు నౌషధమునకై ఆదివారమునాడు ఓ.పి. మూసిన ఆసుపత్రి వాకిట నిరీక్షింపుమనుట న్యాయమా? మా పట్టణమున నొక దుకాణదారుడు పదిమంది వినునట్లు "పెళ్లయినదా?" యని ప్రశ్నింపగా, ఒక యువతి చేతిలోని నోటును మడచుకొని మాటాడక మరలిపోవుట నేను స్వయముగా చూచితిని. అట్లడుగుమని యే చట్టమును విధింపలేదు. ఈ మాత్ర నిత్యవాడుకకు గాదనియు, బహిష్టు వారము దాటి ఆలస్యమైనచో పరీక్ష చేయించుకొనవలెననియు మెల్లగా చెప్పిన చాలును. ఔషధవిక్రేతలారా, అడిగినవారికి వెంటనే యిండు.

— ఒక పాఠకురాలు