పిల్లవాడితో పాటు లెక్క కూడా సరిహద్దు దాటాలి

మెక్సికోలో ఎనిమిదో తరగతి దాకా లెక్కల్లో ముందున్న పిల్లవాడు అమ్మానాన్నల కూలిపని వెంట కాలిఫోర్నియా చేరతాడు. బడిలో చేర్చుకుంటారు. బోర్డు మీద లెక్క వాడికి తెలిసినదే. అక్కడా ఎక్స్ విలువ కనుక్కోవడమే, ఇక్కడా అదే. కానీ ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది. సగం మాటలు అర్థం కావు. పరీక్షలో మార్కులు పడిపోతాయి. ‘వీడు లెక్కల్లో వెనకబడ్డాడు’ అని కింది స్థాయి క్లాసుకు పంపుతారు. వెనకబడింది భాషలో, శిక్ష పడింది లెక్కల్లో!

ఈ కథ బళ్లారి, హోసూరు, రాయగడ, సిరొంచ వైపు తెలుగు ఇళ్లలో కొత్తగా వింటున్నదేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒక భాష, కాలేజీలో ఇంకో భాష. మధ్యలో ఎక్కడో లెక్క జారిపోతుంది. అందుకే అమెరికా, మెక్సికో, స్పెయిన్ విశ్వవిద్యాలయాలు గణిత పాఠాలను స్పానిష్‌లో అందించడానికి చేతులు కలిపిన తీరు సరిహద్దు తెలుగువారు తెలుసుకోదగ్గది. అందులో నేర్చుకోవలసిన మంచి ఉంది, చేయకూడని తప్పూ ఉంది.

అమెరికా, మెక్సికోల నడుమ మూడు వేల కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. 1848 ఒప్పందంతో కాలిఫోర్నియాతో సహా మెక్సికో ఉత్తర భాగం చాలావరకు అమెరికా చేతికి పోయింది. అక్కడి వారిలో చాలామంది ఊరు కదల్లేదు, దేశమే మారింది. 1953లో బళ్లారి మైసూరుకు వెళ్లినప్పుడు, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు తెలుగు కుటుంబాలకు రాష్ట్రం మారినట్టే అనుకోవచ్చు. టెక్సాస్‌లోని ఎల్ పాసో, మెక్సికోలోని హువారెజ్ నగరాల మధ్య ఒక నది మాత్రమే అడ్డం. వంతెన దాటి వచ్చి ఎల్ పాసో విశ్వవిద్యాలయంలో చదువుకునే విద్యార్థులున్నారు. ఆర్థిక అవసరం ఉన్న మెక్సికో విద్యార్థుల నుంచి ఆ విశ్వవిద్యాలయం టెక్సాస్ వారికి ఉండే ఫీజే తీసుకుంటుంది. విద్యార్థి ఇలా దాటి వస్తున్నాడు. పాఠం దాటి రావడమే కష్టమైంది.

ఆ దారి తెరిచింది ఎంఐటీ. తన పాఠ్యాంశాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతామని 2001లో ప్రకటించింది. 2002లో 50 కోర్సులతో మొదలైన ఆ పని 2007 నాటికి 1800 కోర్సులకు చేరింది. గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు ప్రపంచమంతా చూసింది అక్కడే. వ్యాపారానికి వాడకుండా, ఎవరు తయారుచేశారో చెప్పి, అదే షరతుతో మళ్లీ పంచితే అనువాదం చేసుకోవచ్చునని ఎంఐటీ ముందే రాసిపెట్టింది. స్పెయిన్‌లో 2000లో పుట్టిన యూనివర్సియా అనే విశ్వవిద్యాలయాల కూటమి ఆ అవకాశాన్ని అందుకుంది. స్పెయిన్, పోర్చుగల్, లాటిన్ అమెరికా విశ్వవిద్యాలయాలను కలిపిన ఈ సంస్థ ఎంఐటీ కోర్సులను స్పానిష్, పోర్చుగీసు భాషల్లోకి తెచ్చింది. ఇరవై దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌కు కూడా ఇంత ప్రయత్నం అవసరమైందన్నది గుర్తుంచుకోవాలి.

గణితానికి భాషతో పనేముంది, అంకెలు అందరికీ ఒకటే కదా అనేవారు చాలామంది. పనిలోకి దిగితే గానీ తెలియదు. ఇంగ్లీషులో బిలియన్ అంటే వంద కోట్లు. స్పానిష్‌లో ‘బియోన్’ అంటే లక్ష కోట్లు. మాట దాదాపు ఒకటే, విలువలో తేడా వెయ్యి రెట్లు! దశాంశానికి మెక్సికోలో చుక్క పెడతారు, స్పెయిన్‌లో కామా పెడతారు. సైన్ అనే త్రికోణమితి నిష్పత్తిని స్పానిష్ పుస్తకాలు ‘సెన్’ అని కుదించి రాస్తాయి. ‘రాంగో’ అన్న ఒకే మాట ఒకచోట మాత్రికకు, ఇంకోచోట ప్రమేయం వ్యాప్తికి వాడతారు. భాగహారంలో మెక్సికో పిల్లలు తీసివేత మెట్టును మనసులోనే చేసి శేషం మాత్రం రాస్తారు. ఆ సంగతి తెలియని టీచరు ‘మెట్లు రాయలేదు’ అని మార్కు కోస్తే తప్పెవరిది?

ఇంగ్లీషు బాగా వచ్చిన అనువాదకుడు ఒక్కడే ఈ పని చేయలేడు. పాఠం రాసిన వైపు మాస్టారు, పాఠం చెప్పబోయే వైపు మాస్టారు ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. రెండు దేశాల విశ్వవిద్యాలయాలు కలవాల్సి రావడానికి అసలు కారణం ఇదే. డబ్బు తర్వాతి మాట.

2000 దశకం చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఇంకో మెట్టు ముందుకు వేశారు. ఇంగ్లీషు పాఠాన్ని స్పానిష్‌లోకి మార్చడం ఎందుకు, మెక్సికోలో స్పానిష్‌లోనే తయారైన ఆన్‌లైన్ పాఠాలున్నాయి కదా అని ఆలోచించారు. మెక్సికో ప్రభుత్వ హైస్కూళ్ల వ్యవస్థ ‘కొలేహియో దె బచియేరెస్’తో కలిసి ఆ గణిత, సైన్సు పాఠాలను కాలిఫోర్నియా పాఠ్యప్రణాళికకు సరిపోయేలా సర్దారు. దానికి ‘ప్రాజెక్ట్ సోల్’ అని పేరు. స్పానిష్‌లో సోల్ అంటే సూర్యుడు. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కావాలంటే హైస్కూల్లో కనీసం మూడేళ్ల గణితం ఉండాలి. ఇంగ్లీషు వచ్చేదాకా లెక్కలు ఆపితే పిల్లవాడి మూడేళ్లు గాలికి పోయినట్టే. ఇంగ్లీషు ఒకవైపు నేర్చుకుంటూ, లెక్కలు వచ్చిన భాషలోనే సాగిస్తే ఏడాది నష్టపోడు. అదే ఈ ప్రాజెక్టు పెట్టుకున్న లక్ష్యం.

అంతా సాఫీగా సాగిందని కాదు. ఇంగ్లీషు రాని పిల్లలకు దాదాపు ఇంగ్లీషులోనే బోధించాలని కాలిఫోర్నియా ఓటర్లు 1998లో తీర్పు చెప్పారు. దాన్ని తిరగదోడడానికి 2016 దాకా పట్టింది. ఆ 18 ఏళ్లలో ఎంతమంది పిల్లల లెక్కలు తెగిపోయాయో ఎవరు చెప్పాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. మూల పాఠం మారుతూ పోతుంది, అనువాదం మాత్రం చేసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఒకసారి డబ్బిచ్చి, రిబ్బను కోసి, ఆ తర్వాత పట్టించుకోకపోతే పాత పుస్తకం అటక మీద పడి ఉన్నట్టే. అనువాదాన్ని కట్టడం లాగా కాదు, తోట లాగా చూడాలి. ఏటా నీళ్లు పోయాలి.

ఇక ఇటు చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. వారిలో లక్షలాది మంది పొరుగు రాష్ట్రాల్లోనే పుట్టి పెరిగినవారు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. స్థానిక భాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. నాలుగు తరాలుగా అక్కడే బతుకుతున్నవారికి ఆ భాషా సొంతమే. చిక్కల్లా లెక్కల పాఠం దగ్గర. భిన్నం అని తెలుగులో చెప్పేదాన్ని కన్నడంలో భిన్నరాశి అంటారు, తమిళంలో పిన్నం అంటారు. ఇవి చెవికి దగ్గరగా ఉన్నాయి, పిల్లవాడు పట్టేస్తాడు. మరాఠీలో అపూర్ణాంక్, ఒడియాలో భగ్నాంశ. సిరొంచ పిల్లవాడికి, పర్లాకిమిడి పిల్లకు ఆ చుట్టరికం ఎవరు చెప్పాలి? ఆ పైన ఇంటర్‌లోనో, పీయూసీలోనో ‘ఫ్రాక్షన్’ వచ్చి పడుతుంది.

సరుకు లేదని కాదు. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు వచ్చాయి. 2017లో స్వయం వేదిక వచ్చింది. ఇంజినీరింగ్‌ను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో చెప్పడానికి ఏఐసీటీఈ 2021లో అనుమతి ఇచ్చింది. అనువాదానికి ‘అనువాదిని’ అనే యంత్రాన్నీ తయారుచేసింది. యంత్రం గంటలో వంద పేజీలు తిప్పి పెడుతుంది, కాదనలేం. కానీ పిల్లవాడు ఏ మాట దగ్గర ఆగిపోతాడో దానికి తెలియదు. అది క్లాసులో నిలబడ్డ మాస్టారికే తెలుసు. ముడిప్రతి యంత్రం రాయనీ, చివరి మాట మాస్టారు చెప్పాలి.

ఇందుకు పెద్ద పథకం కూడా అక్కర్లేదు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిందే పొరుగు భాషలను దగ్గర చేయడానికి. 1968లో హైదరాబాదులో మొదలైన తెలుగు అకాడమీ అవకలనం, సమాకలనం, నిర్ధారకం లాంటి మాటలను పాఠ్యపుస్తకాల్లో స్థిరపరిచింది. వీటి దగ్గరున్న పదసంపద, పొరుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల గణిత శాఖలు ఒకచోట కలవాలి. ముందుగా పదో తరగతి దాకా వాడే గణిత పదాలను తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా, ఇంగ్లీషు భాషల్లో పక్కపక్కనే పెట్టి ఒక చిన్న పుస్తకం తేవాలి. ఫోనులోనూ దొరకాలి. తర్వాత ఇంటర్, పీయూసీ మధ్య తేడా వచ్చే పాఠాలకు తెలుగులో వీడియోలు చేయాలి. వాటిని సరిహద్దు బడుల్లో పనిచేసే టీచర్లే సరిచూడాలి. ఏటా తిరగరాయడానికి కొంత డబ్బు ముందే పక్కన పెట్టాలి.

ప్రభుత్వాలు నీళ్ల కోసం, ఊళ్ల కోసం పేచీలు పడితే పడనీ. కూడిక, తీసివేతల మీద ఏ రాష్ట్రానికీ పేచీ ఉండదు. రెండు దేశాలు, ఒక కంచె, బోలెడంత అనుమానం నడుమ అక్కడి విశ్వవిద్యాలయాలు కలవగలిగాయి. ఒకే దేశంలో, ఒకే బస్సు టికెట్టుతో దాటే సరిహద్దు దగ్గర కలవలేమంటే వినేవారు నవ్వుతారు. వచ్చే జూన్‌లో బడి గంట కొట్టేనాటికి ఆ చిన్న పుస్తకమైనా పిల్లల చేతికి అందితే, లెక్కల్లో వెనకబడ్డారని ముద్ర వేయించుకునేవారు కొందరైనా తగ్గుతారు. ఆ పని మొదలుపెట్టవలసింది విశ్వవిద్యాలయాలు, అడగవలసింది తల్లిదండ్రులు.