కాలినడకవానికి దారి యేది?

కడపనుండి రాయచోటి మీదుగా చిత్తూరునకు పోవు 40వ నెంబరు జాతీయ రహదారి కలకడను తాకుచు సాగుచున్నది. ఈ బాట పంటను సంతకు చేర్చును, దూరమును దగ్గర చేయును. దాని మేలును కాదనువా రెవ్వరును లేరు. కాని లారీకి సుఖమైన బాట, బడిపిల్లవానికిని పొలమునుండి మరలివచ్చు కూలికిని గండము కారాదు.

2022వ సంవత్సరమున దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వ నివేదికయే తెలుపుచున్నది. అందు 32,825 మంది పాదచారులు. అనగా మృతులలో ఇంచుమించు అయిదింట నొకరు ఏ బండియు నెక్కనివారు!

ప్రమాదము జరిగినపిమ్మట అధికారులు వేగమునకు హద్దు విధింతురు, బరువుబండ్లకు వేళలు నిర్ణయింతురు. మంచిదే. అయితే ఆ యుత్తరువు కచేరీ కాగితములలోనే యుండిన, పొరుగుసీమ డ్రైవరున కెట్లు తెలియును? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము దీనికి జవాబు చెప్పియే యున్నది. 115వ సెక్షను ననుసరించి నిషేధము విధించునపుడు, 116వ సెక్షను క్రింద తగిన తావుల గుర్తుపలకలను నిలుపవలయును. నెలకు మించని నిషేధమునకు గెజిట్టు ప్రకటన యక్కరలేదు గాని, స్థానికముగా చాటింపక తప్పదు.

పలక లేని నిషేధము రెండువిధముల అన్యాయము. తెలియక పోయిన డ్రైవరు జరిమానా చెల్లించును. నిషేధమున్నదని నమ్మి బాట దాటబోయిన బాటసారి ప్రాణమునే చెల్లించును. చెట్టుకొమ్మల మాటునను, ఫ్లెక్సీల వెనుకను దాగిన పలకయు లేనిదానితో సమానమే. అది ఊరు చేరకమునుపే కనబడవలయును, రాత్రి బండిదీపపు వెలుగున మెరయవలయును, తెలుగు చదువనివానికిని బొమ్మచే బోధపడవలయును.

పాదచారులదే అజాగ్రత్తయని కొందరందురు. కొంత నిజమే. కాని ప్రక్కబాట లేనిచోట వారు తారుబాటపై గాక మఱెచ్చట నడతురు? కాలిబాటను వాడుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమున చేరినదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ బాటను దుకాణపు పందిళ్లతోను, నిలిపిన బండ్లతోను ఆక్రమించుచున్న మనము, ముందుగా మన ముంగిలి చక్కబెట్టుకొందము.

పిమ్మట గ్రామసభలో తీర్మానించి, పలక యెచ్చట, దాటుచోటు ఎచ్చట, దీపమెచ్చట కావలయునో స్పష్టముగా వ్రాసి అధికారులకు పంపుదము. ఒక ప్రాణము పోయినపిమ్మట నాటు పలకకంటె, పోకమునుపు నాటినదే పలక.